లెక్కలో లేని గ్లాసు

వేళచ్చేరి సున్నా.
పెరుంగుడి ఒకటి.
తరమణి రెండు, దిగాలి.
ఆరేళ్ళుగా ఈ రైల్లో సున్నా నుంచే లెక్కపెడుతున్నాను.
పక్క సీట్లో చేపల బుట్టావిడకి చెబితే
సున్నాలో ఎవరెక్కుతారమ్మా అని తమిళంలో నవ్వింది.
వెనక నుంచి లెక్కపెడితే బీచ్ స్టేషన్ మైనస్ ఒకటి.
సముద్రం వాసన ఏ అంకెకీ అందదు.

ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే
రెండు భాషల మధ్య గుమ్మంలో నిలబడతానంటాను.
ఇటు పైథాన్. అడిగింది వడ్డిస్తుంది,
తిన్న కంచం తనే ఎత్తుతుంది.
అటు సి. నీ కంచం నువ్వే కడుక్కో.
గుమ్మంలో ఉన్నదానికే తెలియాలి
ఏది ఎత్తాలో, ఏది ముట్టుకోకూడదో.

లిస్టయినా, టపులైనా, అక్షరాల దండైనా
ఇక్కడ అందరికీ ఒకటే పిలుపు: వరుస.
ఎంతమంది మీరు, అంటాను. చెబుతుంది.
మైనస్ ఒకటి అందంటే అది లెక్క కాదు, కేక.
మూడోవాణ్ణి పంపు, అంటాను. పంపుతుంది.
తిరకాసంతా ఆ పంపడంలోనే.
వరుసా అని పిలిచి అడిగితే చేతికిస్తుంది,
పని కాగానే నువ్వే వదిలిపెట్టాలి.
లిస్టూ అని పిలిచి అడిగితే చూపిస్తుందంతే.
అరువు. వదలడానికి నీకు హక్కు లేదు.
ఇక లిస్టులో పెట్టమని నువ్వే ఏదైనా ఇచ్చావో
నీ వాటా కూడా లాగేసుకుంటుంది,
దొంగిలించడం అనే అంటారు దాన్ని, మొహమాటం లేకుండా.
ఇచ్చింది, చూపింది, దోచింది
మూడూ ఒకే మొహంతో ఉంటాయి.

ఐప్పసి వానలో మా సర్వరు మూడు రాత్రులు ఉబ్బింది.
తొమ్మిదింటికి రెండు జీబీ, తెల్లారేసరికి పదకొండు.
పడిపోదు. ఫలానా చోట నొప్పి అనదు.
ఆ ఫైలు కుముదవల్లి రాసింది, జూన్‌లో మానేసింది.
నాలుగు వందల పన్నెండో లైను దగ్గర లూపు,
ఒక్కొక్కణ్ణీ చెయ్యి పట్టి ముందుకు లాగుతుంది,
బరువు చూస్తుంది, కూడుతుంది,
తర్వాతవాడి దగ్గరికి పోతుంది.
ఎవర్నీ వదల్లేదు.
నలభై లక్షల మందిని పట్టుకునే ఉంది
ఒక్క మొహమూ గుర్తు లేకుండా.

ఒక్క లైను చేర్చాను. వదులు.
(తప్పొస్తే మధ్యలోంచి బయటికి దూకే దారి ఒకటుంది,
అక్కడా వదలాలని మర్నాడు గుర్తొచ్చింది.)
గ్రాఫులో గీత పడుకుంది.

అప్పుడు కనిపించింది, కీబోర్డు పక్కన,
నేను పెన్నులు పెట్టుకుంటున్న పలకల గాజు గ్లాసు.
కోదండం కొట్టుది.
ఎప్పటిదో, ఫోనొస్తే టీతో సహా మెట్లెక్కేసిన రోజుది.

స్టేషన్ కింద కోదండం రోజూ రాత్రి గ్లాసులు లెక్కపెడతాడు.
మూడు తరాల మద్రాసు తెలుగు, అంకెలు మాత్రం తమిళం.
పదినెట్టు, పత్తొన్బదు,
అక్కడ ఆగి, బల్ల కింద ఒకసారి చూసేవాడు.
నేను చూస్తూ డబ్బులిచ్చి వెళ్ళిపోయేదాన్ని.

కడిగి, దుపట్టాతో తుడిచి, తీసుకెళ్ళి ఇచ్చాను.
ట్యూబులైటుకి ఎత్తి చూశాడు.
"ఇది ఆడి నెలలోనే కొట్టేస్తిని మా, లెక్కలోంచి.
కొత్త డజను వచ్చింది. దీన్ని చేరిస్తే
మళ్ళా లెక్క తప్పుతుంది నాకు. నువ్వే పెట్టుకో."

అంటే ఇన్నాళ్ళూ
వరుస దీన్ని వదిలేసే ఉంది.
పగలకుండా మిగిలింది
ఒక్క నా చెయ్యి మరిచిపోవడం వల్ల.

వేళచ్చేరి రైలు వచ్చింది, తడిసి, కిక్కిరిసి.
ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నాను.
రెండో చెయ్యి సంచిలో,
గ్లాసు అంచు చుట్టూ.